దూడల పొట్టల చిట్టా

రోజు 9

ఈ చిట్టా రాస్తున్నది చౌడేశ్వరి. కింది కొట్టంలో పన్నెండు దూడలు, వాటి పొట్టలోకి తొంగిచూసే స్కాన్ మిషను ఒకటి, దాన్ని మెడకు తగిలించుకుని తిరిగే నేను. మిషను ఒక్కటే కాబట్టి పై కొట్టంలోని పద్దెనిమిది దూడలకు ఆ భాగ్యం లేదు. వాటిని దస్తగిరి మామ చూసుకుంటాడు.

పొద్దున బయట నడవలో, పాలు రాబోతున్నాయని కాపరికి గుర్తుగా ఉండే ఎర్ర దీపం వెలగగానే కలబంద మట్ట చీల్చి, గుజ్జు అరచేతిలో వేసుకుని కాసేపు వెచ్చబెట్టాను. చల్లగా రాస్తే ఐదో నంబరు తన్నుతుంది. దాని కాలిగిట్ట గుర్తు ఇంకా నా మోకాలి మీదుంది. ఒక్కొక్కదాని పొట్ట కింద గుజ్జు రాసి, ముందు ఖాళీ పొట్ట కొలిచాను. పది నిమిషాలకు గోడ వెనక గొట్టంలోంచి తొట్లలోకి పాలు వచ్చాయి. తాగాక మళ్ళీ కొలిచాను. తెరమీద పాలు నల్లటి మడుగులా కనిపిస్తాయి, పాలు విరిగి గడ్డకట్టిన చోట బూడిదరంగు తునకలు తేలుతుంటాయి. పొడవు, వెడల్పు, లోతు మూడూ హెచ్చవేస్తే ఎన్ని పాలున్నాయో తేలుతుంది. అరగంటకోసారి కొలుస్తూ పోతే సగం పాలు దిగడానికి ఎంతసేపు పట్టిందో కూడా తెలుస్తుంది. ఈ రోజు సగటు గంటా పది నిమిషాలు. పెద్దలు వదిలివెళ్ళిన దూడల పుస్తకంలో ఉన్నట్టే ఉంది, ఒళ్ళు పులకరించింది.

ఈ చిట్టా సభలో చదువుతాను కాబట్టి, అక్కడ వినేవాళ్ళ కోసం ఒక్క మాట. దూడకు నాలుగు పొట్టలు. మొదటిది పెద్దయ్యాక గడ్డి వేసుకునే గోదాము, పాలకు అక్కడ పని లేదు. దూడ ఇష్టంగా గుటక వేస్తే లోపల ఒక మడత కాలువలా ముడుచుకుని, పాలను మొదటి పొట్ట దాటించి నేరుగా నాలుగోదాంట్లో పడేస్తుంది. ముడుచుకోకపోతే పాలు గోదాములో పడి మురిగిపోతాయి. తల్లి పొదుగు చీకే దూడకు ఈ బాధ లేదట. మన దూడలు గర్భపెట్టెల్లో పుట్టినవి, తల్లి లేదు. చన్నులు చేయిద్దామంటే ఈ గుహల్లో రబ్బరు లేదు. అందుకే తొట్లు, అందుకే ఈ కొలతలు.

రోజు 14

పన్నెండుకు పన్నెండూ పాలు నాలుగో పొట్టలోనే. నన్నెవరూ మెచ్చుకోవడం లేదు కాబట్టి నేనే మెచ్చుకుంటున్నాను.

మధ్యాహ్నం దస్తగిరి మామ దిగి వచ్చాడు. యాభై దాటిన మనిషి. పైన వానలు పడే రెండు నెలలూ గుహల్లోంచి నేలమీదికి ఎక్కి తుమ్మకాయలు ఏరుకొచ్చేవాడు. మోకాళ్ళు అరిగాక దూడల పని అడిగి తీసుకున్నాడు. అరగంట నా దూడల్నే చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మీ, పాలొచ్చే యాళకి నన్ను గూడా నా కొట్టంలో ఉండనియ్యి" అన్నాడు.

"కుదరదు మామా. పాల వేళ మనిషి లోపల ఉండకూడదని పుస్తకంలో ఉంది. మన రోగాలు వాటికంటుకుంటాయంట."

"నువ్వుంటాండావు గదా?"

"నేను కొలవడానికి ఉన్నా. చేతులు మూడుసార్లు కడుక్కుని."

"నేను నాలుగుసార్లు కడుక్కుంటా."

నవ్వాను కానీ ఒప్పుకోలేదు. ఒకరికి సడలిస్తే రేపు అందరూ వస్తారు. మామ లేచి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

రోజు 21

పై కొట్టంలో ఒక దూడ చచ్చిపోయింది. ఇంకో రెండు లేవడం లేదు. నేను వెళ్ళి చూశాను. పొట్టలు కుండల్లా ఉబ్బి, వెన్నెముకలు తేలి, వెంట్రుకలు ఊడుతున్నాయి. పేడ జిగటమట్టిలా ఉంది. అవే పాలు, అదే గొట్టం, అన్నే లీటర్లు. తొట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి తాగలేదనడానికీ లేదు.

"ఇవి తాగుతాండాయి గానీ నిద్దట్లో తాగినట్లు తాగుతాండాయి అమ్మీ. నేను కిటికీలోంచి సూసినా. మూతి తగిల్తే తాగుతాయి, తగలకపోతే ల్యా" అన్నాడు మామ.

ఎన్ని లీటర్లు, ఎంతసేపు అని అడిగాను. ఆ లెక్క లేదన్నాడు. లెక్క లేనిది చిట్టాలో ఎలా రాస్తాం? రాయలేదు.

మిషను పైకి తీసుకెళ్ళాలని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. నా వరస కొలతలు మధ్యలో తెగిపోతాయని ఊరుకున్నాను.

రోజు 24

సభరోజు. పై కొట్టంలో మూడు పోయాయి. పన్నెండు వందల మంది తమ వంతు పొడిపాలలో తలా ఒక గ్లాసు వదులుకుని దూడలకు పోస్తున్నారు. పసిపిల్లలున్న తల్లులు కూడా అందులో ఉన్నారు. అడగకుండా ఎందుకుంటారు?

సభ పెద్ద లింగమ్మత్త నన్ను లేపి, పాలలో దోషముందా, గొట్టంలో దోషముందా అని అడిగింది. నా దగ్గర పదిహేను రోజుల కొలతలున్నాయి. ఒక్కో అంకె చదివాను. ఏ దోషమూ లేదన్నాను. అలా చదువుతుంటే గొంతు దానంతటదే పెద్దదైంది.

"పాలు మంచివే, గొట్టం మంచిదే. మల్ల దూడలు ఏల సస్తాండాయి?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"కంచే చేను మేస్తాంటే సావక ఏం జేస్తాయి!" అని ఇంకొకరు.

దస్తగిరి మామ తొట్లలో పాలు ఎత్తుకుపోతున్నాడని నేను అనలేదు. అనకపోయినా నేను చదివిన అంకెలు ఆ మాటే అన్నాయి. ఆయన లేచి నిలబడి, "నేను ఒక్క సుక్క ముట్టలేదు. పుస్తకంలో ఎట్లుంటే అట్లనే జేసినా" అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. సున్నపు గుంతల్లో పనికి పంపారు. దూడల ఛాయలకు రాకూడదన్నారు.

చావుల పట్టీలో 'కారణం' అనే గడి ఉంటుంది. మూడింటికీ 'కాపరి అజాగ్రత్త' అని రాశాను. సభ రాయమంది, నా చెయ్యి రాసింది.

రోజు 30

పై కొట్టంలో బాగా నీరసించిన ఆరింటిని సభ మర్నాడే నా దగ్గరికి దింపారు. మొదటి మూడు రోజులు వాటి పాలు మొదటి పొట్టలోనే పడ్డాయి. ఎడమ డొక్క మీద మిషను పెడితే అక్కడే నల్లటి మడుగు. నాలుగో రోజు నుంచి కుదురుకున్నాయి. ఇవాళ ఆరింటిలో ఐదింటికి పాలు సరైన చోటే దిగాయి. పేడ గట్టిపడింది. ఒకటి నా కొంగు పట్టుకుని నములుతుంటే విడిపించుకోవడానికి ఇద్దరు కావలసివచ్చింది.

పై కొట్టంలో మిగిలిన తొమ్మిదింటిని సభవాళ్ళు వంతులవారీగా చూస్తున్నారు. వాటిలో రెండు పోయాయి. మరి కాపరి మారాడు కదా అని నా మనసు అడిగింది. మునుపటి కాపరి చేసిన చెడుపు ఇంకా తీరలేదు అని దానికి జవాబు చెప్పుకుని, గడిలో కూడా అదే రాశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

రోజు 32

సభ. పై కొట్టంలో మరో రెండు పోయాయి. మొత్తం ఏడు. చదవడం ఆలస్యమై, నేను తిరిగి వచ్చేసరికి ఎర్ర దీపం వెలిగి ఆరిపోయింది. నేను లేకుండానే పాలు వచ్చాయి, దూడలు తాగేశాయి. ఖాళీ పొట్ట కొలత తప్పిపోయిందని నన్ను నేను తిట్టుకుంటూ, పోనీ తాగాక కొలతైనా ఉంటుందని మొదటి నంబరు పొట్ట కింద మిషను పెట్టాను.

నాలుగో పొట్ట ఖాళీగా, చప్పిడిగా ఉంది.

మిషను చెడిపోయిందనుకున్నాను. తుడిచి మళ్ళీ పెట్టాను. ఎడమ డొక్క మీదికి జరిపితే అక్కడుంది మడుగు. రెండో నంబరుకూ అంతే. పద్దెనిమిదింటిలో పదిహేడింటికి పాలు తప్పు పొట్టలో ఉన్నాయి. వీటిలో నా పన్నెండూ ఇరవై రోజులకు పైగా ఒక్కసారి కూడా తప్పనివి. పాలు మారలేదు, గొట్టం మారలేదు. మారింది ఒక్కటే, నేను లేను.

ఈ మాట సభలో చదివేటప్పుడు దాటెయ్యకూడదని ఇక్కడే రాస్తున్నాను.

రోజు 35

మూడు రోజులు పరీక్ష చేశాను. దూడల్ని మూడు గుంపులు చేశాను, గుంపుకు ఆరు. మొదటి గుంపుకు ఎప్పటిలాగే గుజ్జు రాసి స్కాన్ చేశాను. రెండో గుంపుకు మిషను పెట్టకుండా ఉత్త గుజ్జు రాశాను. మూడో గుంపు జోలికి పోలేదు. తాగాక మాత్రం మూడు గుంపుల్నీ కొలిచాను.

మొదటి గుంపులో ఆరూ సరే. రెండో గుంపులో ఆరూ సరే. మూడో గుంపులో ఒక్కటి సరే, ఐదు తప్పు. మర్నాడు గుంపుల్ని మార్చాను. ఫలితం మారలేదు. ఈ రోజు మళ్ళీ మార్చాను. అదే.

అంటే పని చేసింది మిషను కాదు. గుజ్జు రాసిన చెయ్యి. చెయ్యి పొట్ట కింద పడిందంటే పాలు వస్తాయని వాటికి తెలుసు. ఇన్ని రోజులూ నేను దూడల వెనకో పక్కనో వంగి తెరకేసి చూశానే గానీ వాటి మొహం చూడలేదు. ఈ రోజు చూశాను. గుజ్జు రాయగానే తోక లేస్తుంది, చెవులు ముందుకొస్తాయి, నోట్లో చొంగ ఊరుతుంది. నాలుక చాచి గాలినే నాకుతుంది. పాలు వచ్చేలోపలే గొంతు సిద్ధమైపోతుంది, లోపలి మడత ముడుచుకుంటుంది. చెయ్యి పడని దూడకు పాలు ఎప్పుడొచ్చాయో తెలియదు. మూతి తగిలితే తాగుతుంది.

నిద్దట్లో తాగినట్లు తాగుతాండాయి అన్నాడు దస్తగిరి మామ. రోగమేమిటో ఆ ఒక్క మాటలో ఉంది. దాంట్లో అంకె లేదని నేను రాయలేదు.

నేను పాలను పరీక్షించాననుకున్నాను. నేను చెయ్యి వేసిన దూడల్నే కొలిచి, చెయ్యి పడని దూడల మీద తీర్పు చెప్పాను. పైగా ఆ మనిషి లోపల ఉండనియ్యమని అడిగితే, వద్దని తలుపేసిందీ నేనే. ఆయన పుస్తకం ప్రకారం నడిచాడు, ఆయన దూడలు చచ్చాయి. నేను పుస్తకం దాటాను, నా దూడలు బతికాయి. దొంగ మాత్రం ఆయనయ్యాడు.

సిగ్గుపడుతూ కూర్చోవడానికి లేదు. పై కొట్టంలో ఇంకా ఐదున్నాయి. సాయంత్రం గుజ్జు చేత్తో పట్టుకుని అక్కడికి పోయాను.

రోజు 36

లింగమ్మత్తకు అంతా చెప్పాను. ఆమె నా కొలతల పట్టీలు రెండుసార్లు చదివింది. తెలివైన మనిషి, రెండోసారికే అర్థమైపోయింది.

"సరే. ఇంక మీదట పాలకి ముందు దూడల పొట్ట నిమరల్లని కొత్త నియమం పెడదాం. అంతటితో సరిపాయె గదా" అంది.

"మరి దస్తగిరి మామ?"

ఆమె నిట్టూర్చింది. "సౌడీ, నా మాట ఇను. నీ చిట్టాను నమ్మి జనం గ్లాసు పాలు ఇడ్సిపెడతాండారు. ఆ చిట్టానే తప్పని నువ్వే సెప్తే రేపు ఒక్కరు గూడా పాలియ్యరు. ఇరవై మూడు దూడలుండాయి. ఒక మనిషి పేరు కోసం వాట్ని సంపుకుంటావా?"

ఆమె చెడ్డది కాదు. దూడలు పుట్టిన రోజు గర్భపెట్టెల గదిలో నాతోపాటు నిలబడి ఏడ్చిన మనిషి. ఆమె చెప్పినట్టు ఊరుకుంటే దూడలు బతుకుతాయి, నా పరువు నిలబడుతుంది, సున్నపు గుంతలో ఒక ముసలాయన ఎలాగూ పని చేసుకుంటున్నాడు. ఊరుకుందామని నాకు ఎంతగా అనిపించిందో చెబితే మీరు నన్ను తిడతారు. నిజం కాబట్టి చెబుతున్నాను.

రోజు 37

ఊరుకోలేకపోయాను. సున్నపు గుంతలకు వెళ్ళాను.

దస్తగిరి మామ మూతికి గుడ్డ కట్టుకుని రాయి పగలగొడుతున్నాడు. కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. నన్ను చూసి సుత్తి ఆపలేదు. ఆ చప్పుడులోనే అంతా చెప్పాను. నా చెయ్యి, దూడల తోకలు, మూడు గుంపులు, లింగమ్మత్త మాట కూడా. చెప్పి అయ్యాక కాళ్ళ మీద పడబోతే పక్కకు జరిగాడు.

"మల్ల ఎన్ని పోయినాయి?" అన్నాడు.

"నువ్వు వచ్చేశాక నాలుగు. మొత్తం ఏడు."

"కుడిసెవి కింద తెల్లమచ్చది ఉండాదా?"

"ఉంది మామా. మొన్న సాయంత్రం నుంచి చెయ్యి వేస్తున్నా. ఇంకా అలవాటు పడలేదు."

అప్పుడు సుత్తి కింద పెట్టాడు. నన్ను తిడితే బాగుండును. "నాకు సెప్పుకుంటే ఏం లాభం అమ్మీ? యాడ సదివినావో ఆడ సదువు" అని మళ్ళీ సుత్తి ఎత్తుకున్నాడు.

రోజు 40

చిట్టాలో రాసింది కొట్టెయ్యకూడదు. తప్పైతే రాసినవాళ్ళే, నష్టపోయిన మనిషి ఎదురుగా నిలబడి, సవరణ చదవాలి. ఈ పద్ధతి పెట్టిన పెద్దలెవరోగానీ, చాలా కఠినంగా పెట్టారు.

దస్తగిరి మామను పిలిపించమన్నాను. ఆయన సున్నపు బట్టలతోనే వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు. ఇరవై నాలుగో రోజు ఎక్కడ నిలబడి అంకెలు చదివానో అక్కడే నిలబడి, ముప్పై రెండో రోజు నుంచి రాసిందంతా చదివాను. లింగమ్మత్త మాటలు కూడా వదలలేదు. ఆమె తల వంచుకుందే గానీ ఆపమనలేదు. చివర, "దస్తగిరి మామ పాలు ముట్టలేదు. నేనే తప్పు కొలిచాను" అన్నాను. వెనకవాళ్ళు వినపడలేదంటే మళ్ళీ చెప్పాను.

తర్వాత సభ గోల గోలైంది. లింగమ్మత్త భయపడినట్టే జరిగింది. ఇన్నాళ్ళూ మా పిల్లల నోటికాడి పాలు తీసి ఈమె తప్పుడు లెక్కలకు పోశామా అని ఒకామె ఏడ్చింది. కొట్టాలు మూసెయ్యమని ఒకరన్నారు. ఆ మాటకు ఇంకో పాతికమంది లేచారు. ఏ మొహం పెట్టుకుని అడ్డం చెప్పను?

దస్తగిరి మామ ముందుకు వచ్చాడు. ఆయన మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదేమో, ఒక్కసారిగా సద్దుమణిగింది.

"తప్పు రాసింది సౌడమ్మ. దాన్ని నమ్మింది మీరు. దూడలేం జేసినాయి?" అన్నాడు. "నన్ను దొంగన్యారు. నా ఇంటోల్లు నీళ్ళకాడికి పోతే మొగం తిప్పుకున్యారు. అది నేను మర్సిపోను. కానీ కొట్టం మూస్తే నాకు పోయింది రాదు, ఆ ఇరవై మూడూ పోతాయి. నా వంతు గ్లాసు నేను మల్ల ఇస్తాండా. ఇష్టమున్నోల్లు ఇయ్యండి, లేనోల్లు మానుకోండి."

కూర్చున్నవాళ్ళలో, ఇందాక ఏడ్చిన ఆమే మొదట చెయ్యెత్తింది. తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి. అందరూ ఎత్తలేదు. సగానికి కాస్త ఎక్కువ. అంతే చాలు. పాల వేళ కాపరి కొట్టంలో ఉండి తీరాలని కొత్త నియమం రాశారు. పై కొట్టం మళ్ళీ ఆయనదే.

సభ అయ్యాక చావుల పట్టీ తెరిచాను. ఏడు గడులూ సవరించాలి. మొదటి గడిలో పాత మాట కింద 'కొలిచిన చౌడేశ్వరి తప్పు' అని రాయబోతుంటే మామ నా భుజం మీదుగా వంగి చూశాడు. ఆయనకు చదవడం వచ్చో రాదో కూడా నేను ఇన్నాళ్ళూ అడగలేదు.

"నీ పేరు రాయొద్దు" అన్నాడు.

"నాదే కదా మామా తప్పు."

"నీ పేరు రాసుకుంటే నీ కడుపు సల్లబడతాది. రేపు ఈ పట్టీ సదివేటోల్లకి దాంతో ఏం పని? ఇంకో గుహలో ఎవురో దూడల్ని సాక్కుంటారు. వాల్లకి తెలియాల్సింది రాయి."

"ఏమని రాయను?"

ఆయన చెప్పాడు. నేను ఆయన మాటను ఆయన మాటగానే, ఒక్క అక్షరం దిద్దకుండా రాశాను.

కారణం: పాలొస్తాండాయని దానికి ఎవురూ సెప్పలేదు.

ఏడుసార్లు రాశాను. పైన ఎర్ర దీపం వెలిగింది. మామ అప్పటికే మెట్లెక్కుతున్నాడు.